చెయ్యి చాచిన తొడుగు

మూడోసారీ అంతే అయింది. కారు మీటరు వెనక నట్టు దగ్గరికి కుడిచెయ్యి చేరగానే, తొడుగు వేసుకున్న పద్మలోచన ఎడమచెయ్యి పని మానేసి, తలుపులోంచి బయటికి చాచుకుని, అరచెయ్యి తెరుచుకుని ఉండిపోయింది. ఎవరినో ఏదో అడుగుతున్నట్టు.

హస్తగురువు తొడుగులు వచ్చాక ఎవరూ ఏ పనీ నేర్చుకోవడం లేదు. కుళాయి బిగించాలన్నా, రవిక కుట్టాలన్నా తొడుగు అద్దెకు తెచ్చుకుంటే చాలు, చేతులు వాటంతటవే కదులుతాయి. వాటిలో ఉన్నవి ఒకప్పటి పనివాళ్ల కదలికలే. ఎవరివన్నది కంపెనీ చెప్పదు. తొడుగు మీద నంబరు ఉంటుందంతే.

రేపు పొద్దున పాతబండ్ల పరీక్ష. స్వయంరథాలు తిరిగే దారిలో మనిషి నడిపే కారు ఉండాలంటే వేగం చూపే సూది కదలాలి. లేకపోతే పోయిన మామగారు వీరభద్రం మిగిల్చిన అంబాసిడర్ కొలిమికి పోతుంది. తెగిన మీటరు కేబులు లాగేసి, కొత్తదానికి గ్రీజు పూసి, గేరుబాక్సు దగ్గర బిగించేదాకా చేతులు చకచకా చేశాయి. చిక్కంతా ఇక్కడే.

"అది వృథా కదలిక, మేడమ్," అంది తొడుగులోని సహాయవాణి. "చాలామంది ఫిర్యాదు చేశారు. మీరూ లోపమని చెబితే అన్ని తొడుగుల్లోంచీ తుడిచేస్తాం. లోపం ఉందా?"

తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న అత్తగారు మాణిక్యమ్మ కిసుక్కున నవ్వింది.

"ముష్టెత్తే తొడుగు తెచ్చావేంటమ్మాయ్!"

"నవ్వకండత్తయ్యా. నా చెయ్యి నా మాటే వినట్లేదు."

మాణిక్యమ్మ నవ్వుతూనే పనిముట్ల సంచిలోంచి కటింగ్ ప్లేరు తీసి, ఆ అరచేతిలో పెట్టింది. బొటనవేలు ఆవిడ వేలికొసల్ని రెండుసార్లు మెత్తగా నొక్కింది. తరవాత చెయ్యి లోపలికి పోయి నట్టు బిగించింది.

పద్మలోచన బయటికి వచ్చేసరికి అత్తగారి ముఖంలో నవ్వు లేదు.

"నా వేళ్లెందుకు నొక్కావ్?"

"నేను నొక్కలేదత్తయ్యా."

ముప్పై ఏళ్లు మాణిక్యమ్మ కార్లు బాగుచేసే షెడ్డులో ఆ స్టూలు మీదే కూర్చుని భర్తకు పనిముట్లు అందించింది. తొడుగుల కోసం ఆయన కదలికలు నమోదు చేసిన రోజూ అక్కడే ఉంది. కంపెనీవాళ్లు ఆయన చేతులకు తీగలు చుట్టారు, పక్కనున్న మనిషిని పనిలో లెక్కవేయలేదు. ఈ తొడుగులో ఉన్నవి ఆ చేతులే. ఈ ఇంటికి వచ్చాక మామగారు అత్తగారిని పేరు పెట్టి పిలవడమైనా పద్మలోచన ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు తన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. తొడుగు తీసేస్తే తప్పులా ఉంది, ఉంచుకుంటే ఇంకా తప్పులా ఉంది.

ఏం చేయాలో తోచక కారెక్కి, సందు చివరిదాకా నడిపి తెచ్చింది. సూది వణుకుతూ ఇరవై దాకా లేచింది.

"కదిలిందత్తయ్యా!"

"మేడమ్, లోపం ఉందా?" సహాయవాణి మళ్లీ అడిగింది. "జవాబు లేకపోతే ఉందనే రాసుకుంటాం."

లోపం లేదని చెబితే ఎక్కడెక్కడో, ఎవరెవరి చేతులో ఇలాగే చాచుకుని ఉండిపోతాయి. పద్మలోచన అత్తగారి వైపు చూసింది. మాణిక్యమ్మ మీటరు వైపు చూడనే లేదు.

"ఎక్కడ కదిలింది? సరిగ్గా కదల్లేదు. మళ్లీ విప్పు," అంటూ స్టూలు తలుపు దగ్గరికి జరుపుకుంది.

"లోపమేం లేదండీ," అని సహాయవాణికి చెప్పి, సరిగ్గా ఉన్న నట్టును విప్పడానికి పద్మలోచన లోపలికి వంగింది.