గుడ్డ కట్టిన గుంజ

నాకు ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని మా అత్తగారు ఆరేళ్ళుగా చెబుతూనే ఉంది. ఆమెకేం, ఆమె ఆ కారులో కూర్చోలేదు.

మాది నెల్లూరుకి పడమట పొలాలున్న కుటుంబం. సముద్రమంటే నాకు ఏడాదికోసారి మైపాడులో మునిగి రావడమే. అలాంటిది 1963 ఎండాకాలంలో మా ఆయన చెంచురామయ్యకి దీవిలో కారు షికారు చేయాలన్న పిచ్చి పట్టింది. ఏదో ఇంగ్లీషు పత్రికలో చూశాడట. దొరలు పెళ్ళాలను పక్కన కూర్చోబెట్టుకుని, సొంతంగా కారు నడుపుకుంటూ దీవులన్నీ చుట్టేస్తారట, ఒడ్డున గుడారం వేసుకుని పడుకుంటారట. మనకు మాత్రం దీవి లేదా అన్నాడు. తడ దగ్గర పులికాటు సరస్సు, దాని నడుమ దీవి, దీవికి అవతల సముద్రం. వానాకాలంలో పడవలోనే పోవాలి. ఎండాకాలం నీళ్ళు ఇంకిపోతే ఎడ్లబండ్లు సరస్సు నేల మీదే దాటిపోతాయి. బండి పోయిన చోట కారు పోదా అని ఆయన ధీమా.

నెల రోజులు భోజనాల బల్ల మీద అదే పని. పెన్సిలుతో పటం గీశాడు. ఎక్కడ ఆగాలి, ఏ రోజు ఏ ఒడ్డున గుడారం వేయాలి, ఏ పూట సరుగుడు తోపులో షికారు చేయాలి, అన్నీ దాని మీదే రాశాడు. నన్నొక మాట అడిగింది లేదు. పులిహోర ఎంత కలుపుతావని మాత్రం అడిగాడు. చివరికి డ్రైవరు గంగులయ్యకి కూడా సెలవిచ్చి పంపేశాడు.

“గంగులయ్య లేకుండా సరస్సు ఎట్టా దాటతాం?” అన్నాను.

“మన కారు మనం తోలుకుంటేనే గదా మజా. దారి పొడుగునా గుంజలుండాయంట. వాటెంబడే పోవడమే,” అని పటం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

దారిలో రేడియేటరులో నీళ్ళు చూసుకోమన్నాను. విసుక్కున్నాడు. సూళ్ళూరుపేటలో మళ్ళీ అన్నాను. అక్కడ టీ బంకు దగ్గర నలుగురి ముందూ నావైపు తిరిగి, “ఈ కారుకి స్టీరింగు ఒకటే ఉండాది. మళ్ళీ ఇల్లు చేరేదాకా నువ్వు నోరు తెరవబాక,” అన్నాడు. బెంచీ మీద వాళ్ళు నవ్వారు. నా ఒళ్ళు మండిపోయింది.

“సరే, తెరవను,” అన్నాను.

సరస్సు ఒడ్డున కుప్పం చేరేసరికి ఎండ వాలింది. బెస్తవాళ్ళ ఊరు. ఎక్కడ చూసినా ఎండుచేపలు, ఉప్పు వాసన. ఎదురుగా తెల్లటి నేల, కనుచూపు మేర. పైన ఉప్పు పేరుకుని గట్టిగా కనిపిస్తుంది గాని కింద కొన్ని చోట్ల ఊబి. అందుకే అక్కడ ఒక పద్ధతి ఉంది. దాటేవాళ్ళ ముందు కుప్పం మనిషి ఒకడు పొడుగాటి కర్రతో నేలను పొడిచి చూసుకుంటూ నడుస్తాడు. బండి అతని వెనకే పోవాలి. మా కారు చూసి ఆదెయ్య అనే మనిషి కర్ర పట్టుకుని వచ్చాడు.

“నేను ముందు నడస్తా సామీ. మీరు నిదానంగా నా ఎనకాలే రాండి.”

“నీ నడకతో పోతే తెల్లారతాది. అడ్డం లే!” అని కసిరాడు మా ఆయన.

వాళ్ళిద్దరూ అక్కడ వాదులాడుకుంటుంటే, చేపలు ఎండబోసుకుంటున్న ఒక ముసలామె నా కిటికీ దగ్గరికి వచ్చింది. పేరు మస్తానమ్మ అంది.

“తాటాకు కట్టిన గుంజలే దారి తల్లా. గుడ్డ కట్టిన గుంజ కాడికి మాత్రం పోబాకండి. ఊబిలో దిగిపోయినోళ్ళవి అయ్యి. శవం దొరకదు గదా, దిగిన కాడ గుంజ నాటి వాళ్ళ గుడ్డే కడతాం, ఏటా మారస్తాం. ఆ ఎర్రగుడ్డది నా కూతురు కామాక్షిది. మీ ఆయనకి చెప్పు తల్లా.”

తల ఊపాను. ఆయన వచ్చి తలుపు దభీమని వేసి కారు తీశాడు. నేను చెప్పలేదు. నోరు తెరవొద్దన్నాడు గదా.

టైర్ల కింద ఉప్పు పెచ్చులు పటపటమంటున్నాయి. తాటాకు గుంజలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. ఆయన ఈలపాట అందుకున్నాడు. పొద్దు గుంకింది. తాటాకు గుంజలు కుడికి తిరిగాయి. ఎడమ పక్కన దూరంగా ఒక్క గుంజకి ఎర్రగుడ్డ ఎగురుతోంది.

“చూసినావా, జెండా కూడా పెట్టినారు,” అని అటు తిప్పాడు.

నేను చూశాను. నాకు తెలుసు. చక్రం కొంచెం దిగితే చాలు, బుద్ధొస్తుంది, కుప్పానికి నడిచిపోయి ఆదెయ్యను బతిమాలుకుంటాడు అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు. ఎవరు నమ్మినా నమ్మకపోయినా అదే నిజం.

చక్రం దిగింది. ఆయన తిట్టుకుంటూ కారు దిగి, అటూ ఇటూ చూసి, తిన్నగా ఆ గుంజ దగ్గరికి పోయాడు. అప్పుడు నోరు తెరిచి అరిచాను.

“దాన్ని ముట్టుకోబాకండి! అది చచ్చిపోయిన పిల్లది!”

“ఇప్పుడొచ్చిందా నోరు?” అని రెండు చేతులా పట్టి లాగాడు. గుంజ ఎంతకీ రాలేదు. ఆ తర్వాత కింద ఎవరో పట్టు వదిలినట్టు ఒక్కసారిగా ఊడి వచ్చింది. దాన్ని చక్రం కింద దోపాడు. కారు పైకి లేచింది. మళ్ళీ పనికొస్తుందని గుడ్డతో సహా వెనక సీటులో పడేసి, గెలిచినవాడిలా నావైపు చూశాడు.

చీకటి పడింది. కారు దీపాల వెలుతురు తప్ప ఎక్కడా మినుకుమనేది లేదు. తాటాకు గుంజలు కనిపించడం మానేశాయి. కారులో బురద వాసన మొదలైంది... కుళ్ళిన నాచు వాసన. కిటికీ దించినా పోలేదు. ఆయన ఈల ఆపేశాడు.

చప్... చప్... చప్...

తడి కాళ్ళతో ఎవరో కారు వెంట నడుస్తున్నారు. చుట్టుపక్కల చుక్క నీరు లేదు. ఆయన వేగం పెంచాడు. అడుగులూ వేగం పెంచాయి.

దీపాల వెలుతురులో ఒక గుంజ. దానికి ఎర్రగుడ్డ.

ఆయన కారు పక్కకి తిప్పాడు. కొంచెం దూరం పోయాక ఎదురుగా మళ్ళీ గుంజ. అదే ఎర్రగుడ్డ.

“ఇదేంది...” అన్నాడు.

నేను మెల్లగా వెనక్కి తిరిగి చూశాను. మేం తెచ్చిన గుంజ సీటులోనే ఉంది. దాని గుడ్డ లేదు. సీటంతా తడి...

చెవి వెనకే, చిన్న గొంతు.

“నా గుంజ ఇయ్యండి...”

ఆయనకీ వినిపించింది. కారు ఆపేశాడు. ఆయనకి భయమేస్తే కోపం వస్తుంది. టార్చి తీసుకుని, వెనక తలుపు తెరిచి, గుంజ లాక్కుని చీకట్లోకి అరిచాడు.

“యాడ నాటమంటావే? ఈడ చాలునా?”

“పోబాకండి!” అని చొక్కా చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని పోయాడు. దీపాల ముందు పది అడుగుల దూరంలో గుంజను బలంగా గుచ్చి, దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. ఆయన పొట్టిగా కనిపించాడు. ముందు అర్థం కాలేదు.

“శేషమ్మా... కాలు...”

అరవలేదు. మామూలుగానే అన్నాడు. మోకాళ్ళు లేవు. నడుము లేదు. నేను తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టాను. నేల చల్లగా, మెత్తగా తగిలింది. కాలు వెనక్కి తీసుకున్నాను. అవును, తీసుకున్నాను.

మళ్ళీ తలెత్తేసరికి ఆయన లేడు. టార్చి మాత్రం వెలుగుతోంది... నేల కింద. ఉప్పు పెచ్చు అడుగు నుంచి ఎర్రగా కనిపిస్తోంది ఆ వెలుతురు. అది కదిలింది. మెల్లగా కారు వైపు వచ్చింది. నా తలుపు కిందికి వచ్చి ఆగింది. కాసేపు అక్కడే ఉండి ఆరిపోయింది.

అప్పుడు మళ్ళీ అడుగులు. ఈసారి కుప్పం వైపు... చప్ చప్ చప్ మని, ఇంటికి పరుగెత్తే ఆడపిల్ల అడుగులు.

తెల్లవారి ఆదెయ్య నలుగురిని వెంటేసుకుని, నేలను పొడుచుకుంటూ వచ్చాడు. కారు చుట్టూ నేల రాయిలా ఉంది. గడ్డపారలతో రొమ్ములోతు తవ్వారు. తడి కూడా తగల్లేదు. గుంజ నిటారుగా నిలబడి ఉంది. దానికి ఆయన గళ్ళ చొక్కా చెయ్యి చుట్టి ముడేసి ఉంది. దాని పక్కనే మరో గుంజ, కొత్తది, గుడ్డ లేనిది.

“దీన్ని ఎవురు నాటినారమ్మా?” అని ఆదెయ్య అడిగాడు. నాకూ తెలియదన్నాను.

మస్తానమ్మ రాలేదేమని నేనడిగితే, అతను నేల చూస్తూ చెప్పాడు. రాత్రి నుంచి ఆమె తలుపు వేసుకుని లోపల ఎవరితోనో మాట్లాడుతోందట. పొద్దున్నే ఇద్దరికి అన్నం వండిందట.

అప్పటి నుంచి ప్రతి వైశాఖంలో ఆదెయ్య వెనక నడిచిపోయి ఆయన గుంజకి గుడ్డ మారుస్తున్నాను. తిట్టుకుంటూనే కడతాను. ఒక్క మనిషిని ముందు నడవనిస్తే ఏం పోయేదని అడుగుతాను. నువ్వు ఒక్క మాట ముందు చెబితే ఏం పోయేదని ఆయన అడగడు. ఆ మాట నాకు నేనే అనుకుంటాను. పక్క గుంజ ఆరేళ్ళూ బోడిగానే ఉంది.

మొన్న పోయినప్పుడు దానికి గుడ్డ కట్టి ఉంది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. ఆ రోజు కారులో నేను కట్టుకున్న చీర అది. ఆ తర్వాత మళ్ళీ కట్టలేదు. నెల్లూరులో నా ట్రంకు పెట్టెలో ఉంది, తాళంచెవి నా మెడలోనే ఉంది.

ఇంటికి రాగానే పెట్టె తెరిచాను. చీర వేసిన మడత వేసినట్టే ఉంది. కొంగు లేదు. చీర కింద ఏదో తడిగా చేతికి తగిలింది. ఆయన జేబులో పెట్టుకుపోయిన పటం. బురద వాసన వేస్తోంది. దీవికి పోయే గీత అలాగే ఉంది. గుంజ ఉన్న చోటి నుంచి మాత్రం కొత్తగా మరో గీత వెనక్కి బయల్దేరింది... సూళ్ళూరుపేట, నాయుడుపేట, నెల్లూరు, మా వీధి, మా గుమ్మం. మా గుమ్మం దగ్గర ఆగి, మళ్ళీ అదే దారిన గుంజ దాకా జంట గీతలుగా పోయింది. ఎక్కడ ఆగాలో, ఏ రోజు బయల్దేరాలో, అన్నీ ఆయన చేతిరాతే.

ఈసారి కూడా నన్నొక మాట అడగలేదు.