ఎల్డన్‌కి పడిన చప్పట్లు

శనివారం ఉదయం ఎల్డన్ హ్యాచ్ వంటింట్లో పాన్‌కేకులు పోస్తున్నాడు. ఐదేళ్ళ మనవరాలు నోరా కుర్చీ ఎక్కి నిలబడి, పెనం మీద తేలిన ప్రతి అట్టుకీ పేరు పెడుతోంది.

"ఇది కప్ప. ఇది నీ చెవి తాతా."

"నా చెవి తింటావుటే?"

"సిరప్ పోస్తే తింటా."

ఎల్డన్ నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. కిటికీ అవతల కోడలు రిహాబ్ వేణ్ణీళ్ళ బకెట్టు పెట్టుకుని వీధి తలుపు తోముతోంది. ఎవరో మళ్ళీ కోడిగుడ్లు విసిరిపోయారు. ఎండిన సొన ఒక పట్టాన వదలదు. తానే వెళ్ళి కడగాలనుకున్నాడు. అట్లు మాడతాయని సాకు దొరికింది, ఆగిపోయాడు.

ఈ ఒహాయో ఊళ్ళో టౌన్ కౌన్సిల్ సమావేశమంటే ఒక పద్ధతుంది. మాట్లాడదలచినవాళ్ళు మైకు ముందుకొచ్చి పేరూ, ఇంటి చిరునామా చెప్పి మొదలెట్టాలి. ఆ ముక్క రిహాబ్‌కి నేర్పింది ఎల్డనే. "గట్టిగా చెప్పమ్మా, మనం దాక్కునేవాళ్ళం కాదు" అన్నాడు. పోయిన నెల ఆమె తలకు కండువా చుట్టుకుని అలాగే నిలబడింది. పేరు చెప్పింది, ఇల్లు చెప్పింది. "యెమెన్ మీద పడుతున్న బాంబులు మనం అమ్మినవి. చచ్చేది పిల్లలు. ఇది మన పేరు మీద జరుగుతోంది. ఆపమని మన ఊరు వాషింగ్టన్‌కి చెప్పాలి" అంది. అంతే. హాలు భగ్గుమంది. "మీ దేశానికి పో!" అన్నారు. ఆమె పుట్టింది అమెరికాలోనే, డియర్‌బార్న్‌లో, కారులో రెండు గంటల దూరం. ఆ రాత్రి నుంచే గుడ్లు మొదలయ్యాయి. ఆమె చెప్పే చిన్నపిల్లల క్లాసులోంచి తల్లిదండ్రులు పిల్లల్ని మార్పించుకోవడం మొదలెట్టారు.

మొన్న గురువారం ఎల్డన్ అదే మైకు ముందు నిలబడ్డాడు. వియత్నాంలో పోరాడి వచ్చినవాడు, ఛాతీ మీద పతకాలు. అదే ఇంటి చిరునామా చెప్పాడు. అవే మాటలన్నాడు, ఇంకాస్త ఘాటుగా. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "గుండె ఉన్న మనిషిరా" అన్నారు. ఆ చప్పట్ల మధ్య ఎల్డన్ తల వంచి దణ్ణంలాంటిది కూడా పెట్టాడు. ఇప్పుడది తల్చుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతోంది.

వీధిలో కారు ఆగింది. అతడి స్నేహితుడు డెల్బర్ట్ భార్య వెర్నా కేకు పట్టుకుని దిగింది.

"ఎల్డన్ ఉన్నాడా తల్లీ? ఎంత గొప్పగా మాట్లాడాడు! ఆయన కోసం ఆపిల్ కేకు చేశా."

"లోపలున్నారు" అంది రిహాబ్.

"నీ మీద మాకేం కోపం లేదులే. అక్కడ మీవాళ్ళున్నారు కదా, మతి చెదిరి ఏదో వాగింది, పట్టించుకోకండి అని నువ్వు మాట్లాడిన రోజే ఎల్డన్ మా ఆయనకి చెప్పాడు. మేం క్షమించేశాం."

ఎల్డన్ పొయ్యి ఆపేశాడు. పారిపోవడానికి వంటింట్లో చోటు లేదు.

రిహాబ్ కేకు తెచ్చి బల్ల మీద పెట్టింది. చేతులకి సబ్బునురగ అలాగే ఉంది.

"నేను మతి చెదిరి వాగానా మామయ్యా?"

"వెర్నాకి నోరు ఆగదమ్మా..."

"ఆవిడ నోటి సంగతి కాదు. మీ నోటి సంగతి. అన్నారా, లేదా?"

"గొడవ సద్దుమణగాలని అన్నాను. నీ మంచికే."

"నా మంచికా! బాగా సద్దుమణిగింది. ఇద్దరం ఒకే చిరునామా చెప్పాం. మీకు కేకు వచ్చింది. నాకు గుడ్లొచ్చాయి. అవైనా వండినవి కావు."

నోరా కిసుక్కున నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

"నన్ను తిట్టినందుకు కాదు మామయ్యా" అంది రిహాబ్. "వాళ్ళు ఎప్పుడూ తిట్టేవాళ్ళే. రెండో వరసలో మీరు కూర్చున్నారు. లేస్తారని చూశాను. మీరు బూట్లు చూసుకున్నారు. పైగా బయటికెళ్ళి నన్ను పిచ్చిదాన్ని చేశారు. మళ్ళీ వెళ్ళి నా మాటలే చెప్పి చప్పట్లు తెచ్చుకున్నారు. నేను నోరాని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతున్నా. మీ అబ్బాయి కైల్‌కి ఫోన్ చేస్తా. లారీ దిగాక అటే వస్తాడు. ఈ ఊరికి ఇంక రాను."

ఎల్డన్ కుర్చీ పట్టుకున్నాడు. "వెళ్ళకమ్మా. వచ్చే సమావేశంలో లేచి నిలబడతాను. ఒక్కొక్కణ్ణీ పేరుపెట్టి కడిగేస్తాను!"

"వద్దు! మళ్ళీ మీకే కొడతారు చప్పట్లు. కోడలి కోసం నిలబడ్డ మహానుభావుడు అంటారు. నా వీపు మీద ఎక్కి మీరు ఇంకాస్త ఎత్తవుతారు. అంతేగా?"

చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే, కడిగేస్తానని తాను అంటున్నప్పుడే అతడికి లోపల ఎక్కడో ఆ హాలూ, లేచి నిలబడ్డ జనమూ కనిపించారు.

"మరేం చెయ్యమంటావు?"

"మీరు ఎవరికి అబద్ధం చెప్పారో వాళ్ళకి అది అబద్ధమని చెప్పండి. ఉపన్యాసం వద్దు."

"అయితే నువ్వూ రా. నువ్వు లేనప్పుడు ఏం చెప్పానో నమ్మమని అడిగే ముఖం నాకు లేదు."

రిహాబ్ చెయ్యి తుడుచుకుని నోరాకి కోటు తొడిగింది.

శనివారాలు పాత సైనికులంతా డోనట్ల కొట్టులో చేరతారు. ఎల్డన్ తలుపు తియ్యగానే డెల్బర్ట్ కాఫీ కప్పు పైకెత్తాడు. "వచ్చాడ్రా మన హీరో!" అన్నాడు. వెనక రిహాబ్ కనిపించింది. కప్పు కిందికి దిగింది.

"ఒరేయ్ డెల్బర్ట్, నా కోడలు మతి చెదిరి మాట్లాడిందని నీతో అన్నాను. అబద్ధం. తెలిసే అంది. ప్రతి మాటా. గురువారం నేనన్నవి నా మాటలు కావు, ఆమెవే."

"పోనీలేరా. ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఆమె అంటే పొమ్మని అరిచావు. నేనంటే లేచి చప్పట్లు కొట్టావు. ఏం తేడా చూశావు?"

డెల్బర్ట్ మొహం గంటుపెట్టుకున్నాడు. "నువ్వు యుద్ధం చేసినవాడివి. నీకా హక్కుంది."

"మా పిన్ని ఆ బాంబు కిందే పోయింది" అంది రిహాబ్ మెల్లగా. "ఆ బాంబు మనదే. మీలాగే నేనూ పన్ను కట్టాను. నాకు లేదా హక్కు?"

కొట్టంతా చప్పుడాగిపోయింది. ఒకాయన కాఫీ వంక చూశాడు, ఇంకొకాయన కిటికీ వంక. డెల్బర్ట్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు.

ఆ నిశ్శబ్దం ఎల్డన్ నెత్తిమీద పడింది. కౌన్సిల్ హాల్లో రిహాబ్ ఒంటరిగా మోసినది దీనికి ఎన్నో రెట్లు. పక్కకి చూస్తే ఆమె చేతులు వణుకుతున్నాయి. ఆ రోజూ ఇలాగే వణికి ఉంటాయి. తాను చూడలేదు.

బండి ఎక్కాక తాళంచెవి తిప్పలేకపోయాడు.

"మీ పిన్నా? నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడు అడిగారు? అక్కడ మీవాళ్ళున్నారు కదా అని ఊరందరికీ చెప్పారు. ఎవరని నన్ను అడిగారా?"

అడగలేదు. బాంబుల గురించి మాట్లాడాడు, పిల్లల గురించి మాట్లాడాడు, దేశం పరువు గురించి మాట్లాడాడు. ఇంట్లో ఉన్న మనిషి తాలూకు ఎవరు చచ్చిపోయారో అడగలేదు.

"పేరేంటమ్మా?"

"హుస్నా. యెమెన్‌లో, హుదైదాలో ఉండేది. మా పెళ్ళికి వీసా రాలేదని ఫోన్‌లోనే పాట పాడింది. మీరు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఎవరీవిడ, ఇంత మంచి గొంతేమిటి అన్నారు."

ఎల్డన్‌కి ఆ గొంతు గుర్తొచ్చింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పాట చివరిదాకా విన్నాడు. స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాడు. వెనక సీటులోంచి నోరా "తాతకి దెబ్బ తగిలిందా?" అంది. రిహాబ్ కళ్ళు కూడా కారుతున్నాయి.

"ఆవిడ సంగతులు చెప్పమ్మా" అన్నాడు ముఖం తుడుచుకుని.

"చాలా ఉన్నాయి."

"చెప్పు. ఇల్లు చేరాక కూడా చెప్పు."

క్షమించానని ఆమె అనలేదు. అతడూ అడగలేదు.

"ఇవాళ వెళ్ళను మామయ్యా" అంది. చేపలమ్మేవాడితో పిన్ని పడే గొడవల దగ్గర మొదలుపెట్టింది. ఎల్డన్ బండి తియ్యకుండా విన్నాడు.