ద్రాక్షతోట విడిదిలో పియానో

నాదమే తనువైన తల్లికి మ్రొక్కి, తన పాటను తానే దొంగచాటుగా వినవలసి వచ్చిన హెడ్విగ్ కథ చెబుతున్నాను — నేను విన్నది విన్నట్టే.

జాలె నది ఒడ్డున, ద్రాక్షతోట నడుమ పాడుబడ్డ విడిది ఒకటుంది. చీకటి పడ్డాక ఆ దారి ఎవరూ తొక్కరు. ఎన్నడో మరణించిన ఒక స్త్రీ లోపల పియానో వాయిస్తుందనీ, ఆ పాట చివరిదాకా విన్నవాడు ఏడాది తిరక్కుండా పోతాడనీ ఊరంతా వాడుక.

"అటు పోవాల్సొస్తే చెవులు మూసుకుని పరుగెత్తండి, అమ్మాయిగారూ!" అంది రొట్టెలమ్మే లొహ్‌మన్ అవ్వ. "మా ఆయన సగం విన్నాడు. అప్పట్నుంచి సగం పనే చేస్తున్నాడు!"

"ఎవరన్నారవ్వా, అది దెయ్యమని?"

"ఇంకెవరు? మీ అన్నగారే. చదువుకున్న మనిషి అబద్ధమాడతాడా?"

హెడ్విగ్ కూర్చిన పాటలన్నీ ఆ అన్న కొన్రాడ్ పేరనే అచ్చయ్యాయి. పెద్దింటి ఆడపిల్ల పేరు అంగట్లో కనబడరాదని తండ్రి శాసనం. ఈ కొత్త రచననైనా ఆమె పేరనే, సంగీత సభలో ఆమె చేతే వాయింపిస్తానని అన్న ఆమె చేతిలో చెయ్యి వేశాడు. ఆమె బ్రతుకంతా ఆ మాట మీదే నిలిచి ఉంది.

ఆ రాత్రి జబ్బుపడ్డ స్నేహితురాలిని చూసి తోటదారిన వస్తుండగా... పియానో మ్రోగింది.

హెడ్విగ్ ఆగి చెవి ఒగ్గింది. చిన్న చేతికి ఒకేసారి అందని స్వరాలను పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా జార్చే ఆ విరుపు... అది తనది! అన్నకు తప్ప ఎవరికీ వినిపించలేదే!

తలుపు తోసింది. ఒక్క కొవ్వొత్తి. దాని ముందు — కొన్రాడ్.

"అంత పెద్ద చేతులకు ఆ విరుపెందుకన్నయ్యా?" అంది గుసగుసగా.

అతడు ఉలిక్కిపడి లేచాడు. "హెడ్విగ్... ఎల్లుండి సభ. ప్రకటనలో నా పేరే వేయించాను. ఆడదాని రచనంటే ఎవరొస్తారే?"

"మరి ఈ దెయ్యం?"

"ఇంట్లో సాధన చేస్తే నువ్వు వింటావుగా..."

ఆమె చీకట్లోకి దిగిపోయింది. దెయ్యమే ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

సభనాడు ఊరంతా కదిలి వచ్చింది. కొన్రాడ్ మొదలుపెట్టాడు. అంతలో ఆ విరుపు —

వెనుక వరుసలో లొహ్‌మన్ తాత దిగ్గున లేచాడు.

"అమ్మో! ఇది ఆ ఆడమనిషి పాట! చివరిదాకా వినకండర్రా!"

కుర్చీలు కూలాయి. జనం తలుపుల వైపు తొక్కుకుంటూ పరుగెత్తారు.

"కాదు! నాది! ఇది నా రచన!" అని కొన్రాడ్ గొంతు చించుకున్నాడు. ఒక్కరూ నమ్మలేదు.

ఖాళీ అయిన సభలో హెడ్విగ్ లేచి, అన్నను పక్కకు జరగమని సైగ చేసి, చివరిదాకా తానే వాయించింది.

ఈ కథ విన్నవారందరి శ్రమా వారి వారి పేరనే ఇల్లు చేరుగాక!