తలుపు తట్టే పురుగు

ఆ మ్యూజియం పై అంతస్తులో, నడవా చివర, బొమ్మలు గీసే గది ఒకటుంది. పగలంతా మామూలు గదే. దీపాలు పెట్టే వేళ దాటితే మాత్రం అటు ఎవరూ వెళ్ళరు. ఊడ్చే ఆవిడ చీపురు నడవా మొదట్లోనే వదిలేసి దిగిపోతుంది. లోపల ఎవరో తడుతున్నారట… బయటికి రావడానికి కాదు, ఎవరినో పిలవడానికి.

దగ్గరికి జరగండి. పొద్దునా సాయంత్రం దేవుడికి దణ్ణం పెట్టుకునే నోటితో చెబుతున్నాను, ఒక్క ముక్క కూడా కలపను.

ఒకప్పుడు ఆ గది బొమ్మలత్తది. పురుగులు, రెక్కలు, ఆకులు, గింజలు, అన్నీ భూతద్దంలో చూసి గీసేది. కాలి మీది వెంట్రుక కూడా ఉన్నచోటే ఉండేది. అంతా అయ్యాక, ఆ పైవాడు చెవిలో ఏదో చెప్పినట్టు నవ్వుకుని, పక్కన లేనిదొకటి వేసేది. గొంగళిపురుగుకి గొడుగు. నత్త వీపు మీద కిటికీ, ఆ కిటికీకి తెర. చూసినవాళ్ళకి ఆ నత్త ఇక జన్మలో మరుపొచ్చేది కాదు.

ఆవిడ పోయాక గది మేనల్లుడి చేతికొచ్చింది. పని నేర్పింది అత్తే, అన్నం పెట్టింది అత్తే. ఆ మహానుభావుడు ఆవిడ బొమ్మలన్నీ పోగేసి కింది సొరుగులో కుక్కేశాడు. జేబులో ఎప్పుడూ కొలబద్ద ఉండేది కాబట్టి అందరూ ఆయన్ని స్కేలుగారు అనేవారు. అది గౌరవమనుకుని మురిసిపోయేవాడు, పాపం.

స్కేలుగారి బొమ్మల్లో తప్పు పట్టలేం. చూడనూ లేం. సీతాకోకచిలుక గీస్తే, అది తన మీద ఎవరో కేసు పెట్టినట్టు పడుకుని ఉండేది.

ఇంతలో ఆ మ్యూజియంలో పురుగుల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ పెద్ద పుస్తకం ఒకటి రాసింది. చెక్క తొలిచే పురుగుల మీద. అట్ట మీదికి మంచి బొమ్మ కావాలంది. స్కేలుగారు ఒకటి గీసిస్తే, చూసి, ఇది చచ్చినట్టుందండీ అంది.

“చచ్చిందే కదండీ,” అన్నాడాయన, ఎంతో నిజాయితీగా.

రేపు పొద్దుటికి ప్రాణమున్న బొమ్మ రాకపోతే బయటివాళ్ళకి ఇచ్చేస్తానని ఆవిడ చెప్పి వెళ్ళింది. అట్ట మీద పేరంటే స్కేలుగారికి అంతా ఇంతా ఆశ కాదు. ఆ పేరు చూపించి పెద్ద ఆర్టిస్టు పదవి అడుగుదామనుకున్నాడు. ఆ పదవి ఏనాడో అత్తకివ్వాల్సింది, ఎవరూ ఇవ్వలేదు. అది వేరే సంగతి.

ఆ రాత్రి గదిలో ఉండిపోయాడు. అందరూ వెళ్ళాక కింది సొరుగు లాగాడు. కావలసింది దొరికింది… తను గీసిచ్చిన ఆ పురుగే. చిన్న మూసిన తలుపు ముందు నిలబడి, తల వంచి, నుదుటితో తలుపు తడుతోంది. తలుపు అవతల ఇంకో పురుగు, చేతిలో దీపంతో, హడావిడిగా వస్తోంది.

అత్త ఉండగా దీన్ని చూసి ఎంత నవ్వాడని. పురుగుకి తలుపెందుకత్తా, చాదస్తం కాకపోతే, అన్నాడు. ఆవిడ కోప్పడలేదు. “చూస్తే చాలదురా, వినాలి,” అంది.

ఇప్పుడు బ్లేడు తీశాడు. మందపాటి కాగితం మీద సిరా తీసేయాలంటే బ్లేడుతో మెల్లగా గీకుతారు. దీపం గీకాడు. తలుపు గీకాడు. వచ్చే పురుగుని గీకాడు. కింద అత్త సంతకం… అదీ గీకాడు. దాని మీద తన సంతకం దర్జాగా పెట్టాడు. అన్నం పెట్టిన చేతిని అంత శుభ్రంగా తుడిచేసినవాణ్ణి నేను ఇంకొకణ్ణి ఎరగను.

బ్లేడుకి అంటిన పొడి దులపడానికి బల్ల అంచుకి కొట్టాడు. టక్… టక్.

బల్ల కింద నుంచి… టక్… టక్.

ఆగాడు. చెవులు రిక్కించాడు. ఏమీ లేదు. మళ్ళీ కొట్టాడు, ఒక్కసారే.

టక్.

దీపం వెలుగు దాటి అవతల చీకట్లోకి చూడబోయి, చూడలేక, గుసగుసగా అడిగాడు:

“అత్తా… నువ్వేనా?”

అడిగేటప్పుడు చెయ్యి బల్లకి తగలనే లేదు. అయినా…

టక్.

మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలీదు. ఒక చెప్పు పైన ఉండిపోయింది. బొమ్మ మాత్రం గుండెలకి హత్తుకునే ఉన్నాడు. పరిగెడుతూనే సంతకం చెదిరిందేమో చూసుకున్నాడట. దేవుడు మనుషుల్ని చేశాడు, ఇలాంటివాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారో ఆయన్నే అడగాలి.

తెల్లారి డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ తోడుంటేనే గదిలో అడుగుపెట్టాడు. ముఖం చూసి ఏమైందని అడిగితే, అత్తని పిలిచిన సంగతి దాచి, చప్పుడు సంగతి మాత్రం చెప్పి, నాకు ఇంకో గది ఇప్పించండి అన్నాడు.

డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. అది దెయ్యం కాదు, ఈ పురుగే అంది. చెక్కలో ఉండి, జతని పిలవడానికి తలతో చెక్క మీద కొడుతుందట. మనం పెన్సిలుతో కొట్టినా, తోడు దొరికిందనుకుని పలుకుతుందట.

“ఇన్నేళ్ళూ దీని వెంట్రుకలు కొలిచారు కదండీ… ఇది తలుపు తడుతుందని తెలీదా?”

“నా బల్ల మీదికొచ్చేవి తట్టవండీ,” అన్నాడు స్కేలుగారు, తల దించుకుని.

ఆవిడ బొమ్మ చేతికి తీసుకుంది. పురుగుని చూసి ముఖం వెలిగింది. తల వంచింది సరే, దేన్ని కొడుతోంది, ఎదురుగా ఏమీ లేదేం అనుకుంటూ కిటికీ దగ్గరికెళ్ళి వెలుతురుకి ఎత్తి పట్టింది.

గీకిన చోట కాగితం పలచబడుతుంది కదా. గీకిన గీతలన్నీ వెలుగుతో నిండాయి. తలుపు వెలిగింది. దీపం నిజంగా దీపంలాగే వెలిగింది. కింద, ఆయన నల్ల సంతకం వెనక, బొమ్మలత్త పేరు అక్షరం అక్షరం తెల్లగా కనబడింది.

డాక్టరమ్మ ఆ పేరు పైకి చదివింది. ఆయన గోడ వైపు చూశాడు.

“ఇది ఇలాగే వేస్తాను, వెలుగుతో సహా,” అందావిడ. “అట్ట మీద ఆవిడ పేరే ఉంటుంది.”

ఆ పైన ఆయనతో మాట్లాడడానికేం లేనట్టు, ఆ పలికిన పురుగునైనా పట్టుకుపోదామని వంగి, రంధ్రం కోసం బల్ల కింద వెతికింది. కనబడలేదు. పెన్సిలుతో కొట్టింది.

ఖంగుమంది.

ఇనుము. కాళ్ళు ఇనుము, పైన రేకు. అల్మారాలు తట్టింది, ఇనుమే. కిటికీ ఇనుమే, తలుపు ఇనుమే, నేల రాయి. అత్త చనిపోయిన నెలలోనే, చెక్క ఉంటే పురుగు చేరుతుందని, ఆవిడ బల్లతో సహా చెక్క ముక్కన్నది మిగలకుండా బయటపడేయించింది స్కేలుగారే.

“మరి రాత్రి… దేంట్లోంచి పలికింది?” అంది డాక్టరమ్మ, మెల్లగా.

ఆయన తలుపు వైపు ఒక అడుగు వేశాడు.

ఆవిడ పెన్సిలు సంచిలో పెట్టేసుకుంది. ఇంకోసారి కొట్టి చూడలేదు.