పులుపు నీళ్ళ జాడీ

పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్ళు పొయ్యడానికి జాడీ మూత తీసిన సెఫెరినా కెవ్వున అరిచింది. ఆవాకు ఊరాల్సిన జాడీ నిండా ఎర్రటి కారం పట్టిన క్యాబేజీ!

"జోవెలిన్! ఇలా రావే! నా జాడీని ఏం చేశావ్?"

కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కిమ్చీ పెట్టానమ్మా, కొరియా వాళ్ళ క్యాబేజీ పచ్చడి. చెబితే ఒప్పుకోవని..."

"మరి అందులో ఉన్న పాత పులుపు నీళ్ళు?"

జోవెలిన్ జాడీకి అడ్డంగా వచ్చి నిలబడింది. సెఫెరినాకి ఒళ్ళు మండిపోయింది. అత్తగారు పోతూ పోతూ చేతిలో పెట్టిన పులుపు అది. పాత నీళ్ళు కొన్ని అట్టేపెట్టి వాటిలోనే కొత్త ఆవాకు ఊరెయ్యడం ఇరవై ఆరేళ్ళుగా తప్పలేదు. గ్వాగ్వా ఊరి బస్టాండులో ఉన్న ఆమె భోజనం కొట్టుకి వచ్చి, జీప్నీ బళ్ళ డ్రైవర్లు వేయించిన చేపతో ఆ ఆవాకే అడిగి మరీ తినేవాళ్ళు. ఇప్పుడు అడిగేవాళ్ళే లేరు.

"నోరు పెగలదేం? కొరియా సీరియళ్ళు చూసి చూసి సొంతింటి తిండి కంపు కొడుతోందా?"

"కంపని నేనన్నానా? కాలేజీ పిల్లలు రోజూ వచ్చి నీ కుండల మూతలన్నీ ఎత్తి చూస్తారు. మూసేసి ఎదురుగా ఉన్న కొరియా హోటల్‌కి పోతారు. నిన్న మావయ్య కూడా అక్కడే కూర్చుని బల్ల మీది పొయ్యి మీద మాంసం కాల్చుకు తింటున్నాడు, నీ సొంత తమ్ముడు! చూసి కూడా చూడనట్టు నటిస్తావ్. మిగిలిన కూరలు వారం నుంచి మనమే తింటున్నాం. కొట్టు మూతబడేదాకా నోరు మూసుకోనా?"

"జాడీ ఖాళీ చేసి నా కొట్టు నిలబెడతావా, సిగ్గులేకుండా!" సెఫెరినా గరిటె విసిరికొట్టింది.

"పారబొయ్యలేదు! కారంలో కలిపాను. ఉప్పురొయ్యలు కూడా మనవే వేశాను. తిని తిట్టు, తినకుండా తిట్టకు!"

కోపంగానే ఒక ముక్క నోట్లో వేసుకుంది సెఫెరినా. ముందు కారం నషాళానికి అంటింది. దాని వెనకే నాలుక చివర అదే పులుపు, అత్తగారి పులుపు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఉప్పు తక్కువైంది, మొద్దూ!" అంది ముక్కు చీదుతూ. కిమ్చీని ఒక కుండలోకి తీసి, అన్ని కుండలకంటే ముందు పెట్టింది. తర్వాత జాడీ అడుగున మిగిలిన ఎర్రటి నీళ్ళు గరిటెడు తీసి కొత్త ఆవాకు మీద పోసింది.

"అమ్మా, ఆకు ఎర్రబడుతుందేమో!"

"పడనీ. మీ నాన్నమ్మ చూస్తే నన్నే తిడుతుందిలే, నిన్ను కాదు."