అమ్మమ్మ నాటిన చిక్కుడు గింజలు

"అమ్మమ్మా! తొందరగా రా! మొలకలొచ్చేశాయి!"

బుజ్జమ్మ స్కూల్ బ్యాగ్ కూడా దించకుండా బాల్కనీలోంచి కేక పెట్టింది.

అమ్మమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పట్టు తప్పింది. ఫిజియోథెరపీ అక్క పిసకమని రబ్బరు బంతి ఇస్తే, "నేనేమన్నా చంటిపిల్లనా?" అని పక్కన పడేసింది. అప్పుడు అక్క చిక్కుడు గింజలు తెచ్చింది. కుడిచేత్తోనే నాటాలంది. పన్నెండు గింజలు నాటడానికి అమ్మమ్మకు గంట పట్టింది. అయినా ఆ రోజంతా ఆమె మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు తొట్టిలో పన్నెండు మొలకలు, స్కేలు పెట్టి గీసినట్టున్నాయి.

అమ్మమ్మ వాటిని చాలాసేపు చూసింది.

"ఇవి నేను నాటినవి కావే."

బుజ్జమ్మ నాలుక కరుచుకుంది.

"నువ్వు ఒకచోట మూడేశావు, ఇంకోచోట అసలు వెయ్యలేదు. అందుకే నువ్వు లోపలికెళ్లాక తీసి... కొంచెం సర్దాను."

"ఓహో! నేను కట్టిన గోడ కూల్చి మేస్త్రీగారు మళ్లీ కట్టారన్నమాట."

అమ్మమ్మ నవ్వింది. కానీ ఎడమచేత్తో కుడిచేతిని కప్పేసుకుంది.

"పోనీలే తల్లీ. ఈ చెయ్యి ఇక దేనికీ పనికిరాదు."

మర్నాడు అక్క వస్తే, "నీరసంగా ఉందమ్మా" అని అటు తిరిగి పడుకుంది. ఆ మర్నాడూ అంతే. అక్క తెచ్చిన కొత్త గింజల పొట్లం విప్పనే లేదు.

అమ్మమ్మ చెయ్యి బాగు చెయ్యమని బుజ్జమ్మ రోజూ దేవుడికి దండం పెట్టుకునేది. ఆ సాయంత్రం దేవుడి ముందు నిలబడడానికి మొహం చెల్లలేదు.

ఖాళీ కుండీలో మట్టి నింపి, అమ్మమ్మ ముందు బల్ల మీద పెట్టింది. పక్కనే గింజలు పోసింది.

"నేను ముట్టుకోను. ఒట్టు!"

"వంకరగా పడితేనో?"

"పడనీ."

"మొలవకపోతేనో?"

"మళ్లీ నాటుదువుగాని. నాకేం తొందరా?"

అమ్మమ్మ మనవరాలిని ఎగాదిగా చూసి, చెయ్యి చాచింది. మొదటి గింజ జారి బల్ల అంచుదాకా దొర్లింది. బుజ్జమ్మ చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. చటుక్కున వెనక్కి లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

వణుకుతున్న రెండు వేళ్లు గింజను తరిమి తరిమి పట్టుకున్నాయి.

"దొరికావే దొంగా!" అంది అమ్మమ్మ.

రెండో గింజ సరిగ్గా మొదటిదాని నెత్తినే పడింది. బుజ్జమ్మ తన చేతుల మీద ఇంకాస్త గట్టిగా కూర్చుంది.