పీర్ సాహెబ్ గీసిన ఓడ

గోపీనాథ్ శవం వినుకొండ స్టేషన్ అవతల పట్టాల పక్కన దొరికింది. చొక్కా మడతలో చిన్న చీటీ: "ఐదింట్లో ఏదో తేలలేదు."

ఏజెంట్ మోయిన్ ఫోన్‌కొచ్చిన శవం ఫోటో చూసి ఫోన్ బోర్లించాడు. నేవీలో పదకొండేళ్లు, గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆరేళ్లు ఒకే కంచంలో తిన్న స్నేహితుడు. ఏడవడానికి టైమివ్వకుండా మళ్లీ రింగయింది. చీఫ్ మస్తాన్‌రావు.

"విదేశాల్లో ఉన్న మన పదకొండు మంది ఏజెంట్ల పేర్లు మైక్రోఫిల్మ్ మీద ఉన్నాయి. ఓ పాత ఓడ పెయింటింగ్‌లో, రంగు కింద దాచారు. నరసరావుపేటలో మిర్చి కోల్డ్ స్టోరేజ్. ఐదు పెయింటింగులు. నాలుగు పందొమ్మిదో శతాబ్దపు అసలువి, ఒకటి నకిలీ. ఫిల్మ్ నకిలీదాన్లో ఉంది. సాయంత్రం నాలుగు గంటలకి ఐదూ ఐదు కార్లలో పోతాయి."

"రెయిడ్?"

"ఫోర్స్ వచ్చేసరికి ఐదవుతుంది. నువ్వు పక్కనే నకరికల్లులో ఉన్నావు. కొనేవాడి వేషంలో వెళ్లు. లోపల మన మనిషి లహరి ఉంది. ఒక్కదాన్నే ఆపగలవు. తప్పితే పదకొండు శవాలు."

మూడు నలభైకి మోయిన్ ఖరీదైన సూటులో, పెట్టుడు మీసంతో కోల్డ్ స్టోరేజ్‌లో నిలబడ్డాడు. మిర్చి ఘాటుకి కళ్లు మండుతున్నాయి. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో లహరి ఎదురొచ్చింది. ఆ అందానికి లొంగి ఇద్దరు రాయబారులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారట.

"ఈ ఏడు కాయకి తేమ ఎక్కువా?" అన్నాడు మోయిన్.

"ఓడలోళ్లకి తేమతో పనేంది?" కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "మూడోది. చచ్చిపోయేముందు గోపీనాథే చెప్పాడు."

మోయిన్‌కి చీటీ గుర్తొచ్చింది. తేలలేదని రాసి చచ్చినవాడు ఈమెకెలా చెప్పాడు? తన స్నేహితుణ్ణి పట్టించిందెవరో తెలిసిపోయింది. మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు.

పెన్ స్కానర్ ఐదింటి మీదా ఆడించాడు. లాభం లేదు. రంగులో సీసం ఉంది, కిరణాలు దాటవు. ఇక మిగిలింది కళ్లే. అన్నీ ఒకే తీరు: పక్కనుంచి కనిపించే ఓడ, ఉబ్బిన తెరచాపలు, కింద కెప్టెన్ పేరు, పైన జెండా.

రెండోదాని దగ్గర ఆగాడు. తెరచాపలు ముందుకి ఉబ్బి ఉన్నాయి, జెండా మాత్రం వెనక్కి ఎగురుతోంది. ఓడని తోసే గాలే జెండానీ ఎగరేస్తుంది, రెండూ ఒకవైపే పోవాలి. ఇది ట్రాక్టర్ మీది జెండా. గీసినవాడు సముద్రం ఎన్నడూ చూళ్లేదు.

మూడు యాభై ఎనిమిది. డ్రైవర్లు వచ్చి తలా ఒకటి అందుకున్నారు.

"నాకు రెండోది కావాలి," అన్నాడు.

లహరి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "మూడోది తీసుకుని పో, మోయిన్. గోపీనాథ్‌లా మొండికెయ్యకు."

మోయిన్ పక్కనున్న బస్తాల వరసలో అడుగుదాన్ని బలంగా తన్నాడు. వరసంతా ఆమె మీద కూలింది. తూటా పైకప్పుకి తగిలింది. రెండో పెయింటింగ్‌తో పరిగెడుతున్న డ్రైవర్ని కారు డోర్ దగ్గర పట్టి కూలదోశాడు. కత్తితో రంగు గీకాడు. సముద్రం కింద నల్లగా, గోరంత ఫిల్మ్.

లహరి నోరు విప్పాక, మర్నాడు పొద్దున్న పీర్ సాహెబ్ దుకాణం దొరికింది. లారీలకి నంబర్లు రాసే ముసలాయన. సినిమా షూటింగుకని చెప్పి గీయించారట. గీశాక రంగు కింద ఏం దూర్చారో ఆయనకేం తెలుసు?

"పైన చిరిగిపోయిన ఫోటో ఇచ్చారు బేటా. జెండా నా సొంతానే ఏశా. తప్పయిందా?" ముసలాయన బ్రష్ కింద పెట్టాడు. "బండి ముందుకి పోతంటే జెండా ఎనక్కి గాక ఎటు ఎగురుద్ది?"

మోయిన్‌కి నవ్వు రాబోయి ఆగింది. ఆ తప్పు వల్లే పదకొండు మంది బతికారు. పన్నెండోవాడు గోపీనాథ్. అతని భార్య వాసంతికి కబురు ఇంకా తనే చెప్పాలి.

"ఇంకెటూ ఎగరదు చాచా," అన్నాడు. "దయచేసి సముద్రం చూడ్డానికి మాత్రం ఎప్పుడూ పోబాకు."